కింది దవడ పన్ను తీయించి రెండేళ్లయింది: బ్రిడ్జి మంచిదా, ఇంప్లాంటా?

మీకు 41 ఏళ్లు, కింది దవడలో నమిలే పన్ను తీయించి రెండేళ్లయింది, ఒక డాక్టరు బ్రిడ్జి అంటే ఇంకొకరు ఇంప్లాంట్ అంటున్నారు, నొప్పేమీ లేదు కాబట్టి అలాగే వదిలేస్తే ఏమవుతుంది అని కదా అడిగారు. ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, సరిగ్గా ఆ తప్పే నేను చేశాను కాబట్టి. వదిలేయకండి.

2015లో నాకు కింద ఎడమవైపు పెద్ద దవడ పన్నుకి రూట్ కెనాల్ చేశారు. క్యాప్ వేయించుకోమని డాక్టరు గట్టిగానే చెప్పారు. నొప్పి పోయింది కదా, వచ్చే నెల చూద్దాంలే అని వాయిదా వేస్తూ పోయాను. రూట్ కెనాల్‌లో పుచ్చిన భాగమూ, లోపలి నరమూ తీసేసి ఆ ఖాళీని నింపుతారు. చుట్టూ మిగిలేది పల్చటి గోడలే. నమిలేటప్పుడు ఆ గోడలు విడిపోకుండా బిగించి పట్టేది క్యాప్. అది లేకుండానే నెలలు గడిపేశాను. 2016 సంక్రాంతికి హన్మకొండలో మా అమ్మ చేసిన సకినం కొరికితే పటుక్కుమంది. సకినమే అనుకున్నాను. నాలుకతో తడిమితే పన్ను రెండు చెక్కలై దేనికది కదులుతోంది. పగులు చిగురు లోపలికి, వేరు దాకా పోయిందట. నిలబెట్టే దారి లేదన్నారు, పీకించేశాను.

ఆ తర్వాత మూడేళ్లు ఆ చోటు ఖాళీగానే ఉంచాను. బయటికి కనిపించదు, నొప్పి లేదు, కుడివైపు నమలడం అలవాటైపోయింది. 2019లో ఒక డాక్టరు నా పళ్ల అచ్చు తీసి, తెల్లటి ప్లాస్టర్ నమూనా చేతిలో పెట్టి చూడమన్నారు. అప్పుడు భయమేసింది. ఎదురుగా ఆనే పన్ను లేక పై పన్ను ఖాళీలోకి దిగింది. వెనక పన్ను ముందుకి ఒరిగింది. పన్ను ఉన్నచోట చిగురు సన్నబడి గుంట పడింది. కింద వేరు లేకపోతే ఎముక తరిగిపోతుంది, ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే పోతుంది. ఇదంతా ఏ నొప్పీ లేకుండానే జరిగిపోయింది.

ఇక బ్రిడ్జి సంగతి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లనూ అరగదీసి, వాటి మీద క్యాప్‌లు, మధ్యలో ఒక కృత్రిమ పన్ను, మూడూ ఒకే ముక్కగా చేసి అతికిస్తారు. ఆపరేషన్ ఉండదు, కొద్ది వారాల్లో పని అయిపోతుంది, ఖర్చూ తక్కువ. మా అన్నయ్యకి 2012లో బ్రిడ్జే వేశారు. ఆయన పక్క పళ్లు రెండిటికీ అప్పటికే రూట్ కెనాల్ అయింది, ఎలాగూ క్యాప్‌లు పడాల్సినవే. ఇవాళ్టికీ దాంతోనే హాయిగా జొన్నరొట్టె తింటున్నాడు. నా పక్క పళ్లు మాత్రం ఏ మచ్చా లేనివి. ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్లీ రాదు. పోయిన ఒక్క పన్ను కోసం రెండు మంచి పళ్లను చెక్కించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే మీరు కూడా రేట్లు పోల్చే ముందు "నా పక్క పళ్ల పరిస్థితి ఏంటి?" అని ఇద్దరు డాక్టర్లనీ అడగండి. మీ జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, దాని మీద క్యాప్ వేయడం. దానికోసం నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో చిన్న ఎక్స్‌రే ఒకటి చూసి, ఇవాళ అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ ఇస్తాం, రేపే స్క్రూ పెట్టేస్తాం అన్నారు. స్కాన్ అక్కర్లేదా అంటే అక్కర్లేదన్నారు. లేచి వచ్చేశాను. రెండో డాక్టరు ముందు సీబీసీటీ స్కాన్, అంటే దవడని 3డీలో చూపించే ఎక్స్‌రే, తీయించారు. కింది దవడ ఎముకలో ఒక నరం పోతుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శ దాన్నుంచే. స్క్రూ దానికి తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు. నరం ఎంత లోతులో ఉందో, ఎముక ఎంత వెడల్పుందో ఆ స్కాన్‌లో కొలిచి చూపించారు. నా ఎముక సన్నబడింది కాబట్టి బోన్ గ్రాఫ్ట్, అంటే తరిగిన చోట ఎముక పదార్థం నింపడం, కూడా చేయాల్సి వచ్చింది. మూడేళ్లు ఆలస్యం చేసినందుకు పడిన అదనపు ఖర్చది.

జూన్‌లో స్క్రూ పెట్టారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి తెలియలేదు, ఎముకలో డ్రిల్ తిరుగుతున్న అదురు మాత్రం తలంతా తెలిసింది. పీకించుకున్నప్పటికంటే తేలికే అనిపించింది, టెన్షన్ పడకండి. రెండు మూడు రోజులు వాపు, మజ్జిగన్నం, అంతే. క్యాప్ వేసింది నవంబర్‌లో. ఎందుకంత ఆగాలంటే, ఎముక పెరిగి ఆ టైటానియంని నేరుగా పట్టుకోవాలి. స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన 1950లలో కుందేళ్ల ఎముకల్లో టైటానియం పరికరాలు పెట్టి రక్తప్రసరణ గమనిస్తుంటే, తర్వాత అవి ఊడి రాలేదట. ఎముక వాటిని పట్టేసింది. అదే పద్ధతిలో 1965లో మొదటిసారి ఒక మనిషికి పళ్లు అమర్చారు. నా స్క్రూని కూడా ఎముక అలాగే పట్టుకోవాలి, దానికి నెలలు పడుతుంది. మీ ఎముకకి ఎంత టైం కావాలో స్కాన్ చూశాక అడగండి.

క్యాప్ వేసేముందు కిందికి దిగిన పై పన్నుని కాస్త అరగదీశారు, లేకపోతే చోటు చాలలేదు. ఏ పళ్లను అరగదీయకూడదని ఇంప్లాంట్‌కి వెళ్లానో, ఆలస్యం వల్ల ఒక మంచి పన్ను అరగనే అరిగింది. అది ఇప్పటికీ బాధగానే ఉంది. గ్రాఫ్ట్, జిర్కోనియా (గట్టి తెల్లటి సిరామిక్) క్యాప్ అన్నీ కలిపి నాకు అప్పట్లో 42 వేలయింది.

మీకు షుగర్ ఉంటే ముందు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ తాగుతున్నా ఇంప్లాంట్ విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. ఎముకల బలానికి మందులు వాడుతుంటే ఆ చీటీ తప్పకుండా చూపించాలి. మా అమ్మకి అందుకే ఇంప్లాంట్ వద్దన్నారు, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టు చేయించాం. ఒకసారి బాగా శుభ్రం అవుతాయని మరిగే నీళ్లలో వేసింది, అచ్చు వంకరపోయి కొత్తది చేయించాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే చల్లటి నీళ్లే వాడమనండి.

డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట్ల ముందు చూపించుకోండి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. నాలుగుసార్లు ఎక్కువ తిరగాల్సి రావచ్చు, టైం తీసుకుంటారు, కానీ ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు తక్కువ.

ఏది వేయించుకున్నా పళ్ల సందుల్లో శుభ్రం చేసే సన్న బ్రష్ కొనుక్కోండి. బ్రిడ్జి కిందా, ఇంప్లాంట్ చుట్టూ అన్నం ఇరుక్కుంటుంది, మామూలు బ్రష్ అక్కడికి చేరదు. ఇంప్లాంట్ పుచ్చదు కానీ దాని చుట్టూ చిగురు చెడి ఎముక కరిగిపోవచ్చు. నేను రోజూ రాత్రి ఆ పని చేస్తాను, ఆరు నెలలకోసారి చూపించుకుంటాను.

మీకు ఇప్పటికే రెండేళ్లయింది. ఈ వారమే స్కాన్ తీయించుకోండి.