పాత పీసీ తెరపై 50 లైన్లు, 132 కాలమ్స్

ప్రశ్న: నా 486 పీసీలో డాస్ 6.22 ఆపరేటింగ్ సిస్టమ్, వీజీఏ డిస్‌ప్లే కార్డు ఉన్నాయి. 50 లైన్లు కావాలని ‘మోడ్ కాన్ లైన్స్=50’ కొడితే ఆన్సి.సిస్ అనే డ్రైవర్ ఉండాలంటోంది. 132 కాలమ్స్ అయితే అసలు ఒప్పుకోవడం లేదు. దారేమిటి?

జవాబు: లైన్ల సంగతి తేలిక. మోడ్ కమాండ్ ఈ పనిని ఆన్సి.సిస్ చేత చేయిస్తుంది. అది మెమరీలో లేకపోతే చేతులెత్తేస్తుంది. డాస్ మొదలయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్.సిస్ ఫైల్లో ‘డివైస్=సి:\డాస్\ఆన్సి.సిస్’ అనే లైను చేర్చి రీబూట్ చేయండి. మెమరీలో పోయేది దాదాపు 4 కేబీ. డాస్‌తో వచ్చే ఎడిట్ అనే టెక్స్ట్ ఎడిటర్ ఒక్కదానిలోనే అయితే ఇదంతా అక్కర్లేదు, ‘ఎడిట్ /హెచ్’ చాలు.

అక్షరాలు మాత్రం చిన్నవవుతాయి. వీజీఏ టెక్స్ట్ తెర ఎత్తు 400 గీతలు (అడ్డంగా ఉండే చుక్కల వరసలు). అక్షరానికి 16 గీతలిస్తే 25 లైన్లు, 8 ఇస్తే 50. ఆ ఎనిమిదిలో చిన్నబడి ‘జి’, ‘వై’ తోకలు కింది లైనుకు ఆనుకుపోతాయి. 14 అంగుళాల మానిటర్ అయితే 43 లైన్లే మేలు: ఫాంట్ అదే, కానీ 350 గీతలే తెరంతా పరుచుకుంటాయి కాబట్టి అక్షరం కాస్త పొడుగ్గా కనిపిస్తుంది.

ఇక కాలమ్స్. మోడ్‌కు తెలిసినవి 40, 80 మాత్రమే. 132 కావాలంటే కార్డు బయోస్‌ను (కార్డులోనే ఉండే ప్రోగ్రాంను) నేరుగా అడగాలి, అందులో వెసా అనే వీడియో ప్రమాణం ప్రకారం టెక్స్ట్ మోడ్లు ఉండాలి. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాం తెరిచి ‘ఎ 100’ కొట్టి ఈ మూడూ ఒక్కో లైనుగా ఇవ్వండి:

మోవ్ ఎఎక్స్,4ఎఫ్02
మోవ్ బిఎక్స్,109
ఇంట్ 10

ఖాళీ ఎంటర్ కొట్టి, ‘జి=100 108’ ఇవ్వండి. ఎఎక్స్ అనే ప్రాసెసర్ రిజిస్టర్‌లో 004ఎఫ్ కనిపిస్తే కార్డు ఒప్పుకున్నట్టే, తెర 132×25 అవుతుంది. ఇంకేది వచ్చినా ఆ మోడ్ దక్కలేదన్నమాట. 109 బదులు 10ఎ ఇస్తే 43 లైన్లు, 10బి అయితే 50, 10సి అయితే 60. ‘క్యూ’తో బయటికొచ్చి ‘మోడ్ సీఓ80’ కొడితే మామూలు తెర వస్తుంది.

ప్రశ్న: 132 కాలమ్స్‌లో ఒక పాత ప్రోగ్రాం నడిపితే రెండో లైను మొదటి లైను కుడివైపునే మొదలవుతోంది. కార్డు పాడైందా?

జవాబు: కార్డుకేమీ కాలేదు. ఒక్కో అక్షరానికి 2 బైట్లు, కాబట్టి 80 కాలమ్స్‌కు లైనుకు 160 బైట్లు. ఆ ప్రోగ్రాం తెర మెమరీలోకి నేరుగా రాస్తూ, 160 దాటితే కొత్త లైను అనుకుంటోంది. ఇప్పుడు లైను 264 బైట్లు; అందుకే దాని రెండో లైను 81వ కాలమ్‌లో పడుతోంది. మెమరీలో 0040:004ఎ చిరునామా దగ్గర బయోస్ రాసి ఉంచే కాలమ్స్ సంఖ్యను చూసుకునే ప్రోగ్రాంలకు ఈ బెడద లేదు. మీ ప్రోగ్రాంలో సెట్టింగ్ లేకపోతే, దాన్ని నడిపే బ్యాచ్ ఫైల్లో ముందుగా ‘మోడ్ సీఓ80’ పెట్టండి.