చెరువు గట్టున మొక్కలు చూసే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం. సెలవొస్తే ఒంటరిగా కనిగిరి రిజర్వాయరు గట్టు, పెన్న ఒడ్డు అంటూ తిరుగుతుంది, అదొక భయం. చుక్కకూర కుటుంబానికి చెందిన అడవి మొక్కలట, వాటి గురించి నోట్సు రాసి, గింజలు కాగితం కవర్లలో దాస్తుంది. ఎమ్మెస్సీ బోటనీ చేసి విత్తన సేకరణలోనే ఉంటానంటోంది. తెలిసినవాళ్లేమో హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయించమంటున్నారు. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏది మంచిది? ఆమె నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను. ఈ పిచ్చి ఎలా మాన్పించాలో చెప్పండి.

జవాబు: ఏ కోర్సు మంచిదని అడిగారు గానీ, మీ అసలు భయం చివరి మాటలో ఉంది. పెళ్లిళ్లలో చుట్టాలు "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కొందరి పిల్లలకు పక్షులు, కొందరికి రాళ్లు, మీ అమ్మాయికి మొక్కలు.

పిచ్చి అన్నారే, ఆ పేజీలు మీరు చదివారా? ఫొటోలు తీశారంతే అనిపిస్తోంది. నేను చదివాను. ఆకు కాడ కాండానికి అతికే కణుపు చుట్టూ పల్చని గొట్టంలాంటి పొర ఉంటుంది, ఈ కుటుంబాన్ని గుర్తుపట్టేది దానితోనే. పొర అంచున పొడుగాటి వెంట్రుకలుంటే పెర్సికేరియా బార్బేటా, నున్నగా ఉంటే పెర్సికేరియా గ్లాబ్రా అని బొమ్మలు గీసి మరీ రాసుకుంది. ఒకే గుంపు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి, గింజ ఆకుపచ్చ నుంచి ముదురు రంగుకు ఎప్పుడు తిరిగిందో తేదీలు వేసింది. ఈ కంకుల్లో గింజలన్నీ ఒకేసారి పండవు. తొందరపడి కోస్తే తాలు గింజలొస్తాయి, ఆలస్యం చేస్తే నీళ్లలోకి రాలిపోతాయి. అందుకే ముందు నాలుగు గింజలు బ్లేడుతో కోసి, లోపల తెల్లగా నిండుగా ఉన్నాయో లేదో చూసింది. పండిన వాటిలో ఐదో వంతుకు మించి తీయలేదు. విత్తన బ్యాంకుల కోసం సేకరించేవాళ్లు పెట్టుకునే హద్దు అదే. ప్రహరీల మీద గులాబీ పూలతో పాకే కోరల్ వైన్ కూడా ఈ కుటుంబమే గానీ, మెక్సికో నుంచి వచ్చింది కాబట్టి వద్దని వదిలేసింది. డిగ్రీ పిల్లల్లో ఇంత ఓపికగా చూసి రాసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు. మీరు దాన్ని మాన్పించమంటున్నారు!

ఇక డేటా సైన్స్. ఆరు నెలల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతారు, కాదనను. కానీ ఆ బ్యాచ్‌లో మీ అమ్మాయి పక్కన కూర్చునేది ఎవరు? కంప్యూటర్స్‌లో బీటెక్ చేసి ఇంకా ఉద్యోగం రాని పిల్లలు. ఇంటర్వ్యూలో పోటీ వాళ్లతోనే. వాళ్లకు నాలుగేళ్ల చదువు అండ ఉంది, ఈమెకు ఇష్టం కూడా లేదు. పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న పనులు ఇప్పుడు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. రోజూ ఫోన్ చేస్తున్నారంటే వాళ్లకు సీట్లు నిండాలి, అంతే. ఉద్యోగం గ్యారంటీ అంటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, ఏమంటారో చూడండి. డేటా పని నేర్చుకోవడం మంచిదే, ఎమ్మెస్సీలో తన మొక్కల లెక్కలకే ఎలాగూ కావాలి. అప్పుడు నేర్చుకుంటే అది తనకు నిలుస్తుంది.

అమ్మాయికీ ఒక మాట చెప్పాలి. అమెరికా వీడియోలు చూసి ఆశ పడిందని నోట్సు చూస్తే తెలుస్తోంది. అక్కడ ఇదే కుటుంబంలోని ఎరియోగోనమ్ అనే అడవి బక్‌వీట్ జాతులే దాదాపు 250 ఉన్నాయి. కార్చిచ్చుకు కాలిన ప్రభుత్వ భూముల్లో చల్లడానికి స్థానిక విత్తనాలను ప్రభుత్వమే కొంటుంది. అందుకే సేకరించేవాళ్లకు జీతం దొరుకుతుంది. మన దగ్గర అంత పెద్ద ఎత్తున కొనేవాళ్లు లేరు. చెరువు గింజలు ఏరడమే ఉద్యోగం అనుకుంటే దెబ్బ తింటుంది తల్లీ. ఆ పని చేతిలో పెట్టిన నైపుణ్యానికి మాత్రం గిరాకీ ఉంది.

ఎమ్మెస్సీకి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ దగ్గరే. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో దక్కన్ కేంద్రం ఉంది. జాతీయ జీన్ బ్యాంకు నడిపే ఎన్‌బీపీజీఆర్‌కూ అక్కడ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ జీన్ బ్యాంకులో గింజను ఆరబెట్టి మైనస్ 18 నుంచి 20 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి దాస్తారు. ఇవి కాక, కృష్ణపట్నం లాంటి చోట పోర్టో, పవర్ ప్లాంటో కట్టాలంటే పర్యావరణ నివేదిక కావాలి. అందులో ఆ చుట్టుపక్కల ఏ మొక్కలున్నాయో రాయాలి. అడ్డంగా కాపీ కొట్టకుండా గట్టు మీద నిలబడి మొక్క పేరు చెప్పగలిగినవాళ్లు ఆ కన్సల్టెన్సీలకు అంత సులువుగా దొరకరు. జీతాలు మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత ఉండవు, స్థిరపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంతవరకూ ఆగగలరా లేదా అన్నది మీరు తేల్చుకోవాలి. ఆగలేకపోతే బీఈడీ కూడా పక్కన పెట్టుకోమనండి, తప్పేం లేదు.

ఒంటరిగా చెరువులకు తిరుగుతోందన్న మీ భయం మాత్రం న్యాయమైనదే. స్నేహితురాలినో, తమ్ముడినో తోడు పంపండి. కుదిరితే మీరే వెళ్లండి. అటవీ భూమిలో అడుగుపెట్టేముందు డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) ఆఫీసులో అనుమతి తీసుకోవాలి, అభయారణ్యాల్లో అసలు చెయ్యి పెట్టకూడదు. సేకరించిన ప్రతి గుంపు నుంచీ ఒక కొమ్మ ఒత్తి, ఎండబెట్టి, తేదీ, చోటు రాసి దాచమనండి. పేరు తప్పైతే రేపు సరిదిద్దుకోవడానికి అదే ఆధారం.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కు అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే రేపే వెళ్లి వెనక్కి అడగండి.