పాత ఓమ్నిని ఏం చేద్దాం?

ప్రశ్న: మా ఆయన పేరు మీద 2009లో కొన్న మారుతి ఓమ్ని ఉంది. ఆర్‌సీ గడువు అయిపోయింది. పిల్లలు కొత్త కారు తీసుకుందామంటున్నారు. నేను మాక్రమే (తాళ్లను ముడులు వేసి అల్లే అలంకరణ) ముడులు వేస్తుంటాను. నా చేతి పని ఒకటి పాత బండిలో అద్దానికి వేలాడుతోంది. కొత్త దానిలోనూ కట్టొచ్చా?
- ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పదిహేనేళ్లు దాటగానే బండి పాడైపోయినట్టు కాదమ్మా. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో అయిదేళ్లకు రెన్యువల్ చేస్తారు. కానీ ముందు మెకానిక్‌తో కింది రేకు చూపించండి. అది తుప్పు పట్టి ఉంటే నేనైతే రెన్యువల్‌కు ఖర్చు పెట్టను. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది కూడా.

అమ్మితే యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలతో వదిలేయకండి, ఆర్‌సీలో పేరు మారేదాకా వెంటపడండి. లేకపోతే రేపు ప్రమాదం జరిగినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. తుక్కుకు ఇస్తే గుర్తింపు ఉన్న కేంద్రానికే ఇచ్చి, బండిని తుక్కుకు అప్పగించినట్టు రుజువైన డిపాజిట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, యజమానిది. దాన్ని కొత్త కారుకు మార్పించుకోవాలి. షోరూమ్ వాళ్లు గుర్తు చేస్తారని కూర్చోకండి!

ఇక మీ ముడులు. అద్దానికి మాత్రం వద్దు. తిరుమల ఘాట్ మలుపుల్లో కళ్ల ముందు ఊగుతుంటే డ్రైవింగ్ చేసేవారికి ఇబ్బంది. తాళంచెవికి చిన్నది వేయండి. ఎడమ తాడునే ప్రతిసారీ పైకి తెస్తే ముడి దానంతట అదే మెలి తిరుగుతుంది, ఎడమ కుడి మార్చి వేస్తే చదునుగా వస్తుంది. తాళాలకు చదునుదే బాగుంటుంది.