లక్ష దాటిన ఓలెడ్ గేమింగ్ మానిటర్: కొనేముందు మీ గదిని చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: పగలంతా ఇంటి నుంచే ఆఫీసు పని, రాత్రికి గేమ్స్, పీసీలో ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు ఉంది. 32 అంగుళాల 4కె 240 హెర్ట్జ్ ఓలెడ్ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) మానిటర్ మీద లక్షకు పైగా పెట్టొచ్చా, పెడితే మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి? నాదీ ఇంచుమించు ఇదే పద్ధతి. హైదరాబాద్‌లో ఉంటాను, పగలు కోడింగ్, రాత్రి గేమ్స్. 27 అంగుళాల ఐపీఎస్ (మామూలు ఎల్‌సీడీల్లో ఒక రకం) నుంచి ఈ సైజు క్యూడీ-ఓలెడ్‌కి (ఓలెడ్‌లో ఒక రకం) మారాను. ఒకే స్క్రీన్‌తో రెండు పనులూ చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, పెట్టొచ్చు. కాకపోతే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీ గదిలో వెలుతురు ఎటు నుంచి పడుతుంది? రోజంతా స్క్రీన్ మీద కదలకుండా ఉండేదేమిటి? హెర్ట్జ్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో), నిట్స్ (వెలుగు ఎంతో), 0.03 మిల్లీసెకన్లు (పిక్సెల్ మారడానికి పట్టే సమయం) అని డబ్బా మీద వేసే అంకెలన్నీ ఆ తర్వాతే.

మోడల్ పేర్ల గురించి టెన్షన్ పడకండి. ఏసస్ పీజీ32యూసీడీఎం, ఎంఎస్ఐ 321యూఆర్ఎక్స్, గిగాబైట్ ఎఫ్ఓ32యూ2, ఏలియన్‌వేర్ ఏడబ్ల్యూ3225క్యూఎఫ్ అన్నీ 2024లో వచ్చినవే, అన్నిటిలోనూ ఉన్నది శాంసంగ్ డిస్‌ప్లే తయారుచేసిన క్యూడీ-ఓలెడ్ ప్యానెలే. ఏలియన్‌వేర్‌ది వంపు తిరిగి ఉంటుంది, మిగతావి చదునుగా ఉంటాయి. బొమ్మలో వీటి మధ్య తేడా వెతుక్కుంటూ వీడియోలు చూడటం కన్నా వారంటీ, పోర్టులు, ధర పోల్చుకోవడం మేలు. మీకు ఆఫీసు ల్యాప్‌టాప్, గేమింగ్ పీసీ రెండూ ఉంటే కేవీఎం స్విచ్ ఉన్న మోడల్ తీసుకోండి. ఒకే కీబోర్డు, మౌస్‌తో రెండూ నడుస్తాయి. రోజూ ఉపయోగపడేది ఇలాంటిదే. ఎల్‌జీ 32జీఎస్95యూఈ మాత్రం వేరే రకం. అందులో ఎల్‌జీ డిస్‌ప్లే వాళ్ల డబ్ల్యూ-ఓలెడ్ ప్యానెల్ ఉంటుంది. 4కెలో 240, 1080పీలో 480 హెర్ట్జ్ ఇస్తుంది.

ఈ రెండు రకాల్లో ఏది మీకు సరిపోతుందో చెప్పేది మీ గదిలోని వెలుతురే. క్యూడీ-ఓలెడ్‌లో బయటి వెలుతురు తిరిగి మెరవకుండా ఆపే పోలరైజర్ పొర ఉండదు. అందుకే ప్యానెల్ వెలుగు అడ్డం లేకుండా బయటికి వస్తుంది. బయటి వెలుతురు స్క్రీన్ మీద పడితే నష్టమూ అందువల్లే. నలుపు నలుపులా ఉండదు, ఊదా కలిసిన బూడిద రంగులోకి తిరుగుతుంది. నా గదికి పడమటి వైపు కిటికీ ఉంది. సాయంత్రం ఎండ వాలే వేళకి కర్టెన్ తీసి ఉంటే, ఓలెడ్ అని డబ్బు పోసి కొన్న ఆ నలుపు పాత ఐపీఎస్ నలుపు కన్నా గొప్పగా ఏమీ అనిపించదు. కర్టెన్ వేసి, వెనక గోడ మీద చిన్న దీపం ఒక్కటే ఉంచితే మళ్లీ అదే స్క్రీన్ కళ్లు చెదరగొడుతుంది. గుహలో నడిచే సీన్‌లో కాగడా వెలుగు పక్కనే చీకటి చిక్కగా ఉంటుంది, ఆ చీకటిలో గోడ మీద పగుళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఐపీఎస్ కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు తేడా) మామూలుగా వెయ్యికి ఒకటి దగ్గర ఉంటుంది. ఆ చీకటి దానికి చేతకాదు.

కాబట్టి షాపుకి వెళ్తే మానిటర్‌ని ఆన్ చేసి చూపించమని అందరూ అడుగుతారు, మీరు ఆఫ్ చేయించి కూడా చూడండి. ఆఫ్‌లో ఉన్న స్క్రీన్ మీద పై లైట్లు పడినప్పుడు ఏ రంగు కనిపిస్తుందో, పగలు మీ గదిలో నలుపు దాదాపు ఆ రంగులోనే ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో ట్యూబ్‌లైట్ల కింద ఆన్‌లో ఉన్న ఓలెడ్‌ని చూసి అసలు విలువ అంచనా వేయడం కష్టం. ఈ ఆఫ్ పరీక్ష మాత్రం అక్కడా పనికొస్తుంది. మీ స్క్రీన్ ముఖం కిటికీ వైపు ఉండి, టేబుల్‌ని జరిపే వీలు లేకపోతే డబ్ల్యూ-ఓలెడ్ వైపు వెళ్లండి. దానికి పోలరైజర్ ఉంటుంది కాబట్టి వెలుతురులోనూ నలుపు నిలుస్తుంది.

తర్వాత అక్షరాలు. ఇంగ్లిష్ రివ్యూల్లో దీని గురించి బాగానే రాస్తారు గానీ, మన లిపిలో ఎలా ఉంటుందో ఎక్కడా దొరకదు. క్యూడీ-ఓలెడ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఒకే వరసలో ఉండవు, త్రికోణంలా అమర్చి ఉంటాయి. అందువల్ల అక్షరం పై అంచున సన్నగా ఆకుపచ్చ, కింది అంచున గులాబీ ఛాయ వస్తుంది. ఇంగ్లిష్‌లో నిలువు గీతలు ఎక్కువ. మనకేమో పైన తలకట్టు, కింద వొత్తు, మధ్యలో గుండ్రటి ఒంపులు. ఆ ఛాయ పడేది సరిగ్గా తలకట్ల మీదా వొత్తుల మీదా. 34 అంగుళాల 3440×1440 క్యూడీ-ఓలెడ్‌లో అంగుళానికి దాదాపు 110 పిక్సెళ్లే ఉంటాయి. అలాంటి దాని మీద విండోస్‌లో నిర్మలా ఫాంట్‌ని చిన్న సైజులో పెట్టి తెలుగు వికీపీడియా చదివాను. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో కింది వొత్తు గులాబీ మసకలా అలుక్కుపోయినట్టు ఉంటుంది. కాసేపు చదివితే కళ్లు లాగుతాయి. 32 అంగుళాల 4కెలో అంగుళానికి పిక్సెళ్లు 140కి చేరతాయి. 150 శాతం స్కేలింగ్ (విండోస్‌లో అక్షరాలను పెద్దవి చేసే సెట్టింగ్) పెట్టి మామూలు దూరంలో కూర్చుంటే నాకైతే ఆ ఛాయ కనిపించదు, ముఖం దగ్గరపెట్టి వెతికితేనే దొరుకుతుంది. పని కూడా దీని మీదే చేయాలంటే 1440పీ ఓలెడ్ వద్దనే అంటాను, ధర ఎంత ఊరించినా సరే. 27 అంగుళాల్లోనే 4కె 240 హెర్ట్జ్ ఓలెడ్‌లు 2025లో వచ్చాయి. వాటిలో అంగుళానికి 166 పిక్సెళ్లు ఉంటాయి, అక్షరాలకు అవి ఇంకా మేలు.

హెచ్‌డీఆర్ (వెలుగు, చీకట్ల తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) గురించి డబ్బా మీద 1000 నిట్స్ అని ఉంటుంది. అది స్క్రీన్‌లో మూడు శాతమంత చిన్న భాగం వెలిగినప్పటి మాట. మొత్తం తెల్లగా వెలిగితే దాదాపు 250 నిట్స్ దగ్గర ఆగిపోతుంది. ఎక్సెల్ షీట్ తెరిస్తే మీకు దొరికేది ఆ 250 మాత్రమే. నా గదికి అది చాలు, పగలు అంతకన్నా తక్కువే పెట్టుకుంటాను. గేమ్స్‌లో రెండు మోడ్లు కనిపిస్తాయి: ట్రూ బ్లాక్ 400, పీక్ 1000. పేరు చూసి అందరూ రెండోదే పెడతారు. రాత్రి సీన్లలో, నియాన్ బోర్డుల దగ్గర అది నిజంగానే అద్భుతం. సైబర్‌పంక్ 2077లో వాన పడిన రోడ్డు మీద లైట్ల మెరుపు చూస్తే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది. కానీ మంచు, ఎడారి, మధ్యాహ్నపు ఆకాశం లాంటి వెలుగు నిండిన సీన్లు వస్తే పీక్ 1000 మోడ్‌లో మొత్తం బొమ్మే డల్ అవుతుంది, ట్రూ బ్లాక్ 400లో నిలకడగా ఉంటుంది. గేమ్‌ని బట్టి మార్చుకోండి. మార్చిన ప్రతిసారీ విండోస్ హెచ్‌డీఆర్ క్యాలిబ్రేషన్ యాప్‌తో సరిచూసుకోండి.

240 హెర్ట్జ్ విషయంలో మీ 4080 గురించి ఒక మాట. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివాటిలో ఆ వేగం బాగా వాడుకోవచ్చు. ఓలెడ్ పిక్సెల్ దాదాపు అప్పటికప్పుడే మారుతుంది కాబట్టి, కెమెరా గిర్రున తిప్పినా ఎదుటివాడి అంచులు చెదరవు. పెద్ద గేమ్స్‌లో రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా గీసే పద్ధతి) వేసి 4కె అంటే డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెంచి చూపించే పద్ధతి) తప్పదు, అప్పుడు కూడా 240 దరిదాపుల్లోకి రాదు. ఇంకో సంగతి చాలామంది చెప్పరు: పిక్సెల్ ఇంత వేగంగా మారడం వల్ల సెకనుకు 30 ఫ్రేములకి కట్టేసిన కట్‌సీన్లు (గేమ్ మధ్యలో వచ్చే కథ సీన్లు) ఓలెడ్ మీద కుదుపుల్లా కనిపిస్తాయి. ఎల్‌సీడీలో ఉండే మసక ఆ కుదుపుని కప్పేసేది.

వీఆర్ఆర్ (గేమ్ ఫ్రేమ్ రేటుకి తగ్గట్టు స్క్రీన్ వేగం మార్చే పద్ధతి) ఫ్లికర్ అని ఒకటుంది. ఇది లోపం ఉన్న పీసు అనుకొని వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు, కానీ ఈ టెక్నాలజీతోనే వచ్చే లక్షణం. ఫ్రేమ్ రేటు ఒక్కసారిగా ఎగిరి పడుతున్నప్పుడు ముదురు బూడిద రంగుల వెలుగు కొద్దిగా ఊగుతుంది. లోడింగ్ స్క్రీన్లలో, చీకటి మెనూల్లో బాగా తెలుస్తుంది. ఫ్రేమ్ రేటుని మీ కార్డు ఎప్పుడూ అందుకోగల అంకె దగ్గర కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది. అయినా పోకపోతే ఆ ఒక్క గేమ్‌కి వీఆర్ఆర్ ఆపేయండి. మీకు అలాంటి మినుకుమినుకుతో తలనొప్పి వచ్చే తత్వం ఉంటే మాత్రం కొనేముందే ఎవరి దగ్గరైనా కాసేపు ఆడి చూడండి. దీన్ని పూర్తిగా పోగొట్టే సెట్టింగ్ లేదు.

ఇక బర్న్-ఇన్. మీరు పగలంతా పని అన్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్కో పిక్సెల్ వెలిగిన కొద్దీ అరుగుతుంది. ఒకేచోట ఒకే బొమ్మ ఉంటే అక్కడ అరుగుదల తేడాగా ఉండి మచ్చ మిగులుతుంది. ఆస్ట్రేలియాలోని హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ యూట్యూబ్ ఛానెల్ వాళ్లు ఎంఎస్ఐ 321యూఆర్ఎక్స్‌ని ఏ జాగ్రత్తలూ లేకుండా ఆఫీసు పనికే వాడుతూ ఎప్పటికప్పుడు ఫలితాలు చూపించారు. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకునే అలవాటు వల్ల స్క్రీన్ నడిమధ్యన సన్నటి గీత పడింది. టాస్క్‌బార్ గురించి అందరం భయపడతాం, ఆ నడిమి గీత సంగతి ఎవరికీ తట్టదు. అది చూశాక నేను కోడ్ ఎడిటర్, బ్రౌజర్ సరిహద్దుని రోజూ ఒకేచోట ఉంచడం మానేశాను. టాస్క్‌బార్ దాచేశాను, వాల్‌పేపర్ నల్లది, అన్నిట్లో డార్క్ మోడ్, కొన్ని నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆఫ్. ఇప్పటివరకు బూడిద రంగు స్క్రీన్ పెట్టి చూసినా ఏ మచ్చా కనిపించలేదు.

మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది, రాత్రి పడుకునేముందు గోడ దగ్గర స్విచ్ ఆపేయడం. ఓలెడ్‌కి ఇది మంచిది కాదు. చాలా మోడళ్లలో నాలుగు గంటల వాడకానికి ఒకసారి, మానిటర్ స్టాండ్‌బైలోకి వెళ్లాక కొన్ని నిమిషాలు పిక్సెల్ రిఫ్రెష్ జరుగుతుంది. అరుగుదలలో తేడాలు సరిచేసుకునేది అప్పుడే. పీసీ ఆపిన వెంటనే స్విచ్ కట్టేస్తే ఆ పని జరగదు. ఒకసారి కరెంటు పోతే కొంప మునగదు, మళ్లీ మొదలుపెడుతుంది. రోజూ ఆపేస్తేనే నష్టం. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, ఎర్ర లైటు వెలుగుతోందని పాపం వాళ్లే ఆపేస్తారు.

కొనేటప్పుడు వారంటీ కాగితంలో బర్న్-ఇన్ వర్తిస్తుందని స్పష్టంగా ఉందో లేదో చదవండి. కొన్ని కంపెనీలు మూడేళ్లు ఇస్తాయి. అది మన దేశంలో కొన్న పీసుకి కూడా ఉందని అమ్మేవాళ్ల నుంచి మెయిల్‌లో రాయించుకోండి. అమెరికా నుంచి వచ్చే బావగారితోనో అక్కతోనో తెప్పించుకుంటే తక్కువ పడుతుందని అనిపిస్తుంది. కానీ వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం. లక్ష రూపాయల ఓలెడ్‌ని వారంటీ లేకుండా పనికి వాడమని నేను చెప్పను. ఆన్‌లైన్‌లో అయితే డబ్బు వాపసు ఇస్తారా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా చూసుకోండి. సీలు తీయడం నుంచి ఆన్ అయ్యేదాకా వీడియో తీయండి.

వచ్చిన రోజు రాత్రే గది చీకటి చేసి, దాదాపు నలుపులా ఉండే ఐదు శాతం బూడిద రంగుతో స్క్రీన్ నింపి చూడండి. నిలువు చారలు కొద్దిగా కనిపిస్తాయి, అది మామూలే. గేమ్‌లో చీకటి సీన్ తిప్పుతున్నప్పుడు కూడా ఆ చారలు కంటికి తగులుతుంటే అప్పుడు మార్పించుకోండి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు ఒక్కొక్కటిగా నింపి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. క్యూడీ-ఓలెడ్ పైపూత సుతిమెత్తనిది, గీతలు తొందరగా పడతాయి. కాబట్టి తువ్వాలు, పాత బనియను, గ్లాస్ క్లీనర్ ఏవీ దగ్గరికి రానివ్వకండి. మైక్రోఫైబర్ గుడ్డను కాస్త తడిపి, దుమ్ము ముందు ఊదేశాక మెల్లగా తుడవండి.

మీ విషయంలో నా సలహా ఇదీ: కిటికీ స్క్రీన్‌కి పక్కనో వెనకో ఉండి కర్టెన్ వేసుకోగలిగితే 32 అంగుళాల 4కె క్యూడీ-ఓలెడ్ తీసుకోండి. రోజూ తొమ్మిది గంటలు ఒకే ఎక్సెల్ షీటో, ఒకే డాష్‌బోర్డో తెరిచి ఉంచే ఉద్యోగమైతే పాత మానిటర్‌ని అమ్మేయొద్దు. నా పాత ఐపీఎస్ ఇప్పటికీ పక్కనే నిలువుగా నిలబెట్టి ఉంది. ఆఫీసు చాట్, లాగ్స్, కదలని విండోలన్నీ దాని మీదికే పోతాయి. అమ్మితే వచ్చే నాలుగు వేల కన్నా అది పక్కన ఉండటమే నాకు లాభం.