సమన్లు తీసుకోకపోతే కేసు ఆగదు

పరకాల దగ్గర మీ ఊరికి భూమి కేసు సమన్లు వచ్చాయని, మీ బాపు తీసుకోనంటున్నారని రాశారు. ప్రతివాది, ఎక్స్‌పార్టీ, వకాలత్, ఇంజంక్షన్ అంటే ఏంటని అడిగారు. అన్నిటికంటే ముందు, ఆ కాగితం తీసుకోమని చెప్పండి. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది.

మాది నర్సంపేట దగ్గర పల్లె. గెట్టు పంచాయితీ ముదిరి పక్క చేను వాళ్లు కేసు వేశారు. కోర్టు మనిషి సమన్లు తెస్తే మా బాపు అందులో ‘ప్రతివాది’ అని చూసి, "నేనేం తప్పు చేసిన్నని ముద్దాయిని చేసిండ్రు" అని ముట్టుకోలేదు. ప్రతివాది అంటే తప్పు చేసినవాడు కాదు. సివిల్ కేసు వేసినవాళ్లు వాది, ఎవరి మీద వేశారో వాళ్లు ప్రతివాది, అంతే. ముద్దాయి అనేది క్రిమినల్ కేసుల మాట. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడని అర్థం, తెలుగులోకి వచ్చేసరికి తలకిందులైంది. మా ఊళ్లో ఉర్దూ మీడియం చదివిన ఒక తాత ఈ సంగతి చెప్పాకే బాపు మనసు కొంచెం కుదుటపడింది. సమన్లు వారంటు కూడా కాదు. ఫలానా తేదీకి వచ్చి మీ మాట చెప్పుకోండని కోర్టు పిలవడం.

తీసుకోకపోతే, తీసుకోనన్నారని రాసుకొని పోతారు, తలుపుకు అంటించి పోవచ్చు కూడా. కోర్టు దాన్ని అందినట్టే లెక్కగడుతుంది. వాయిదా నాడు మీ తరఫున ఎవరూ లేకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే అవతలి వాళ్ల సాక్ష్యం విని కేసు నడుపుతారు. మమ్మల్ని అలా చేశారని వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మడానికి పోయినప్పుడు పక్క ఊరాయన చెబితే తెలిసింది. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు.

అప్పటికింకా డిక్రీ, అంటే కేసు తేల్చే కోర్టు ఉత్తర్వు, కాలేదు కాబట్టి బతికిపోయాం. వకీలు పిటిషన్ వేస్తే, అవతలి వాళ్లకు ఖర్చులు కట్టమని చెప్పి కోర్టు మళ్లీ అవకాశమిచ్చింది. డిక్రీ అయిపోయి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు. సమన్లు నిజంగా అందని వాళ్లకైతే ఆ 30 రోజులు విషయం తెలిసిన నాటి నుంచి లెక్క. చేతిదాకా వచ్చినదాన్ని వద్దన్నవాళ్లు అందలేదని ఎలా చెబుతారు?

సమన్లు అందిన రోజు రాసి పెట్టుకోండి. మీ జవాబు, అంటే రిటెన్ స్టేట్‌మెంట్, 30 రోజుల్లో వేయాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వవచ్చు.

వకాలత్ అంటే మీ తరఫున కేసు నడపమని వకీలుకు ఇచ్చే అధికారం. దాని మీద సంతకం పెడితే భూమి ఎవరికీ పోదు. అయితే ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టనివ్వకండి.

ఇంజంక్షన్ గురించి మా ఊళ్లో చాలామంది పొరబడతారు. "ఇంజంక్షన్ వచ్చింది, భూమి వాళ్లదైపోయింది" అంటారు. కాదు. ఫలానా పని చేయొద్దని కోర్టు ఆపడమే అది. తాత్కాలిక ఇంజంక్షన్ వల్ల హక్కు తేలదు. అలాగని దాన్ని కాదని చేనులోకి నాగలి పెట్టకండి, మూడు నెలల దాకా సివిల్ జైలు పడవచ్చు. స్టేటస్ కో అంటే ఉన్నది ఉన్నట్టు ఉంచమని, ఇద్దరికీ.

వకీలుకు డబ్బు లేదని రాశారు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, తక్కువ ఆదాయం ఉన్న మిగతావాళ్లకు కూడా ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసుకు 16 అంకెలు, అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఉంటుంది. అది తీసుకొని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. మా బాపు ఇప్పుడు ప్రతి ఆదివారం నాతో అది చూపించుకుంటారు.