ఈఎస్ఐ డబ్బు రావాలంటే ఆ రాత్రి రెండున్నరకు రాసిన కాగితం కావాలి

ప్రశ్న: మాది చిట్యాల. మా ఆయన చౌటుప్పల్ దగ్గర ఒక కెమికల్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నారు. 2024 నవంబరు 12న అర్ధరాత్రి దాటాక గుండెనొప్పితో కుప్పకూలారు. ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీసి వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. పక్కింటివాళ్ల కారులో ఎల్‌బీ నగర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేర్చాం. స్టెంట్ వేశారు. 17న డిశ్చార్జి చేశారు. బిల్లు 3,86,000 రూపాయలు. నా పుస్తెలతాడు కూడా తాకట్టులో ఉంది. జూన్‌లోనే జీతం 21 వేలు దాటింది కాబట్టి మీకు ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించదని హెచ్‌ఆర్ వాళ్లు అన్నారు. బిల్లులు సీఎం రిలీఫ్ ఫండ్ కోసం ఎమ్మెల్యే ఆఫీసులో ఇస్తే 45 వేలు వచ్చాయి. ఇప్పుడు ఈఎస్ఐ డిస్పెన్సరీ దగ్గర తిరిగే ఒకాయన 40 వేలిస్తే పాత తేదీతో రెఫరల్ లెటర్ తెప్పిస్తానంటున్నాడు. మా బాధ ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ మీద కేసు వేయవచ్చా? మా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అమ్మా, మీరు రాసిన ఆరు పేజీల్లో నాలుగు పేజీలు కంపెనీ గురించి, బంధువుల గురించే ఉన్నాయి. తాకట్టు రసీదుల జిరాక్సులు కూడా జతచేశారు. వాటితో ఈ కేసుకు పనిలేదు. మీ ఆయన ఈఎస్ఐ ఆస్పత్రికి కాకుండా ప్రైవేటుకు ఎందుకు వెళ్లారు, అది ప్రాణం మీదికొచ్చిన పరిస్థితేనని ఏ కాగితం చెబుతుంది? మీ కేసు మొత్తం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ముందు హెచ్‌ఆర్ మాట సంగతి తేల్చేద్దాం. వాళ్లు చెప్పింది తప్పు. చందా కాలం (ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి) మధ్యలో జీతం 21 వేలు దాటినా ఆ కాలం ముగిసేదాకా ఈఎస్ఐ కొనసాగుతుంది. అంటే 2024 సెప్టెంబరు 30 వరకు ఆయన చందాదారుడే. చందా ఆగినంత మాత్రాన వైద్య సదుపాయం ఆ రోజే ఆగిపోదు. 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు కట్టిన చందాకు ఫలితం 2024 జులై నుంచి డిసెంబరు వరకు ఉంటుంది. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా జమై ఉంటే చాలు, నవంబరు 12 ఆ గడువు లోపలే వస్తుంది. ఈఎస్ఐ పోర్టల్‌లో ఆయన ఐపీ (బీమా) నంబర్‌తో చందా వివరాలు ప్రింట్ తీయండి. సూపర్ స్పెషాలిటీ వైద్యానికి సర్వీసు షరతులు వేరుగా ఉంటాయి కానీ, తొమ్మిదేళ్ల ఉద్యోగికి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఒకవేళ కంపెనీ జీతంలో కోసుకుని ఈఎస్ఐ కార్పొరేషన్‌కు కట్టలేదని తేలినా, 2025 సెప్టెంబరు నాటికి అమల్లో ఉన్న ఈఎస్ఐ చట్టం సెక్షన్ 68 కింద కార్పొరేషన్ మీకు ప్రయోజనం ఇచ్చి ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. కాబట్టి కంపెనీ మీద కేసు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఇక అసలు విషయం. అదే చట్టం సెక్షన్ 57 ప్రకారం, బయట చేయించుకున్న వైద్యానికి ఖర్చు తిరిగి అడిగే హక్కు నిబంధనలు ఒప్పుకున్నంత వరకే ఉంటుంది. ఆ నిబంధన 96-ఎ. ఈఎస్ఐ డాక్టరు ఇచ్చిన రెఫరల్ లెటర్ లేకుండా ప్రైవేటుకు వెళ్లినవారి క్లెయిము నిలబడేది ఎమర్జెన్సీ అని రుజువైనప్పుడే. మీ డిశ్చార్జి సమ్మరీ చూశాను. ‘ఛాతీ నొప్పితో చేరారు, యాంజియోగ్రామ్ చేశాం, స్టెంట్ వేశాం’ అని ఉంది. ఎన్ని గంటలకు చేరారో లేదు. ఏ స్థితిలో చేరారో లేదు. ఫైలు చూసే ఆఫీసరు దీన్ని చదివి, తీరిగ్గా వెళ్లి చేయించుకున్న వైద్యమేమో అనుకుంటే ఆయన్ని తప్పుపట్టలేం.

ఆ రాత్రి సంగతి చెప్పగలిగిన కాగితాలు మూడున్నాయి. మీ ఉత్తరంలో ఒక్కో ముక్కలో దాటేశారు గానీ నా దృష్టిలో మీ కేసు అంతా అక్కడే ఉంది. మొదటిది చిట్యాలలో తీసిన ఈసీజీ. దాని మీద 1.10 అని టైము ప్రింటై ఉందని రాశారు. అది థర్మల్ పేపరు. నెలలు గడిచేకొద్దీ గీతలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఇప్పటికే పది నెలలైంది, ఈ రోజే జిరాక్స్ తీయించండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. హైదరాబాద్ తీసుకెళ్లమని రాసిన చీటీ దొరికితే దాన్నీ జతచేయండి. రెండోది పంతంగి టోల్ ప్లాజా. పక్కింటివాళ్ల కారు దాటిన టైము వాళ్ల ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఆ బ్యాంకు నుంచి ఒక్క పేజీ అడిగి తెచ్చుకోండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎల్‌బీ నగర్ ఆస్పత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు చేత్తో రాసిన మొదటి షీటు. మీరు చెప్పినట్టు రెండున్నరకు చేరి ఉంటే ఆ షీటు మీద టైము, బీపీ, పల్స్, ఈసీజీలో ఏం కనిపించిందో, స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్‌కు ఎప్పుడు తీసుకెళ్లారో ఉండాలి. కేస్ షీటు మొత్తం ధ్రువీకరించిన కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. ‘పాత ఫైలు దొరకదు’ అంటే ఈ నిబంధన చూపించండి.

నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదని తప్పకుండా అడుగుతారు. ఎల్‌బీ నగర్ దాటి ఇంకా ముందుకు వెళ్లాలి అన్నది ఒక జవాబు. అది ఒక్కటే సరిపోదు. ఆ తేదీన ఆ ఆస్పత్రిలో రాత్రిపూట యాంజియోప్లాస్టీ (స్టెంట్ వేసే) సౌకర్యం ఉందా అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. లేదని వస్తే మీకు అంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు.

ఆస్పత్రి పేరు ప్రభుత్వ జాబితాలో లేదన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని, వైద్యం నిజంగా జరిగిందా, రికార్డులున్నాయా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2018లో శివకాంత్ ఝా కేసులో చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ వేసిన సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కేసు, ఈఎస్ఐ కేసు కాదు. అయినా సూత్రంగా ఉటంకించవచ్చు. అక్కడ కూడా తీర్పు నిలబడింది రికార్డుల మీదే.

ఇప్పుడు గడువు. సెక్షన్ 77 ప్రకారం, ప్రయోజనం రావలసిన రోజు నుంచి 12 నెలల్లోపు క్లెయిము పెట్టాలి. అలా పెట్టకపోతే ఈఎస్ఐ వివాదాలు చూసే బీమా కోర్టుకు వెళ్లే హక్కే పుట్టదు. న్యాయమైన కారణం చూపితే కోర్టు గడువు పొడిగించవచ్చు. కానీ ‘హెచ్‌ఆర్ వాళ్లు లేదన్నారు’ అన్నది కోర్టు ఒప్పుకుంటుందో లేదో, దాని మీద పందెం కాయకండి. డిశ్చార్జి తేదీ నుంచి లెక్కేసినా 2025 నవంబరు 16 మీకు ఆఖరు రోజు. నేను ఇది రాస్తున్నది 2025 సెప్టెంబరు రెండో వారంలో. చేతిలో ఉన్నది రెండు నెలలే. ఆర్‌టీఐ జవాబు కోసం ఆగకండి. ముందు క్లెయిము పెట్టి, ఆ జవాబు వచ్చాక జతచేయవచ్చు. పెట్టిన క్లెయిమును తిరస్కరిస్తే బీమా కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. మామూలు సివిల్ కోర్టుకు ఈ వివాదం మీద అధికారం లేదు, ఎవరైనా అక్కడ వేద్దామంటే వినకండి.

నలభై వేల రెఫరల్ లెటర్ గురించి గట్టిగా చెబుతున్నాను. దాని జోలికి వెళ్లకండి. అబద్ధపు కాగితంతో ప్రయోజనం పొందడానికి ప్రయత్నిస్తే సెక్షన్ 84 కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోర్జరీ కేసు వేరు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ల మీద కూడా కేసు పెట్టవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆ లెటర్ మీ నిజమైన కేసునే చంపేస్తుంది. రెఫరల్ ఇచ్చారంటే ఆయన ముందుగా డిస్పెన్సరీకి వచ్చి, ఓపీ రాయించుకుని, డాక్టరు చూశాక వెళ్లారని అర్థం. అలా అయితే రాత్రి ఒంటిగంటా పది నిమిషాల ఈసీజీ ఎక్కడిది? రిజిస్టరులో ఆ ఓపీ నంబరేది? మీ చేతిలో ఉన్న నిజమైన మూడు కాగితాలను ఆ ఒక్క దొంగ కాగితం అబద్ధాలుగా మారుస్తుంది.

బిల్లుల విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. ఒరిజినల్ బిల్లులన్నీ కనీసం ఒక జిరాక్స్ సెట్ కూడా ఉంచుకోకుండా ఎలా ఇచ్చేశారమ్మా? ఆయన ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంటే, పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) పర్సులోనే ఉంటే, డిస్పెన్సరీకి ఒక్క చీటీ అయినా రాసి ఇవ్వాలని ఎవరికీ తోచలేదా? ఆ చీటీ ఉంటే ఈరోజు ఇంత తిరుగుడు ఉండేది కాదు. అయినా దారి ఉంది. ఆస్పత్రి బిల్లింగ్ విభాగంలో డూప్లికేట్ బిల్లుల మీద స్టాంపు, సంతకం వేయించుకోండి. స్టెంట్ ప్యాకెట్ స్టిక్కరు సాధారణంగా కేస్ షీటులో అతికిస్తారు, దాని కాపీ, స్టెంట్ ఇన్‌వాయిస్ తీసుకోండి. చూసిన కార్డియాలజిస్టుతో ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం, మందులు అవసరమేనని), ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాయించండి. ఒరిజినల్స్ రిలీఫ్ ఫండ్‌కు ఇచ్చామని, 45 వేలు అందాయని దరఖాస్తులోనే రాయండి. ఆ మొత్తం తగ్గిస్తారా లేదా అన్నది వాళ్లు చూసుకుంటారు. దాచిపెడితే మాత్రం అదే అబద్ధపు ప్రకటన అవుతుంది.

బిల్లు మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోకండి. మంజూరు చేసేది మామూలుగా సీజీహెచ్‌ఎస్ ప్యాకేజీ రేట్ల ప్రకారమే, కాబట్టి మీరు కట్టినదానికన్నా బాగా తక్కువే రావచ్చు.

ఫైలు డిస్పెన్సరీ మెడికల్ ఆఫీసరుకు ఇచ్చి మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే అదే సెట్‌ను రిజిస్టర్డ్ పోస్టులో డిస్పెన్సరీకి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్ డైరెక్టరేట్‌కు పంపి, రసీదులు దాచుకోండి. ఈసారి మాత్రం మొత్తం సెట్ రెండు జిరాక్సులు మీ ఇంట్లో ఉండాలి. తిరస్కరిస్తే నోటిమాటగా కాకుండా కారణంతో సహా రాసివ్వమని అడిగి, ఆ కాగితం తీసుకుని నా దగ్గరకు రండి. హైదరాబాద్‌లోని బీమా కోర్టులో పిటిషన్ వేద్దాం.