పశుగ్రాసానికి రసాయన మందులు కొట్టకుండా ట్రైకోడెర్మా అనే జీవ మందుతో తెగుళ్లు ఆపొచ్చా?

ఆపొచ్చు, కానీ మట్టిలోంచి వచ్చే వాటినే. పశుగ్రాస జొన్నలో మొలకలు కుళ్లి పడిపోవడం, వేరుకుళ్లు లాంటివి దీనికి లొంగుతాయి. ఆకుల మీద తుప్పు తెగులు వస్తే మాత్రం దీనిమీద ఆశ పెట్టుకోకండి, గడ్డిని కాస్త ముందే కోసేయడం మేలు.

నిజానికి ట్రైకోడెర్మా కూడా బూజే. రైజోక్టోనియా లాంటి తెగులు బూజు పోగులు తగిలితే తీగలా చుట్టుకుని, ఎంజైములతో వాటి గోడ కరిగించి లోపలి సారం తినేస్తుంది.

విత్తనానికైతే కిలోకు 10 గ్రాములు పట్టించాలి. ఎకరం నేలకైతే 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పి నీడలో వారం పది రోజులు ఉంచండి. పట్టా ఎత్తితే తెల్లగా మొదలై పచ్చబడుతున్న బూజు కనిపిస్తుంది. పాడైపోయిందని పారబోసేవాళ్లున్నారు, అయ్యో, మనకు కావలసింది అదే! పదునున్న నేలలో సాయంత్రం పూట చల్లండి.

కార్బెండజిమ్‌ అనే రసాయన బూజు మందుతో కలిపితే ట్రైకోడెర్మా చచ్చిపోతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, అది బతికున్న సరుకు.